ఎవరూ అరవని మీట

శుక్రవారం సాయంత్రంలోగా చేయాల్సినవి:
చిరిగిన పుస్తకాలు బైండింగ్‌కు పంపాలి.
పత్రికల బీరువా తలుపు బిగించాలి.
మూడో కంప్యూటర్‌కు మౌస్ మార్చాలి.
బ్రౌజర్‌లో ఉన్న యాడ్ఆన్‌లు ఏడూ చూడాలి. ఏది ఎందుకో, ఎవరు తయారుచేశారో తెలిస్తే ఉంచాలి. తెలియకపోతే పీకేయాలి.

సోమవారం పొద్దున లైబ్రేరియన్ మేడమ్ ఈ చీటీ ఇచ్చినప్పుడు కొత్త అసిస్టెంట్ దాన్ని రెండుసార్లు చదువుకుంది. ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి ఆమే. అన్నయ్య ఆమెను పేరుపెట్టి పిలవడం మానేసి "డిగ్రీగారూ" అంటున్నాడు. ఆ బిరుదు నిలబెట్టుకోవాలంటే చెప్పిన పని చెప్పినట్టు చేయాలని ఆమె పట్టుదల.

మొదటి మూడు పనులూ మధ్యాహ్నానికల్లా అయిపోయాయి. చిక్కంతా నాలుగోదానితోనే. యాడ్ఆన్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. కుట్టుమిషన్‌కు ఇంకో రకం కుట్టు పడాలంటే వేరే పాదం తగిలిస్తాం కదా, బ్రౌజర్‌కు అలా తగిలించే చిన్న పనిముట్టు అది. వీటిని తగిలించింది ఇదివరకటి అసిస్టెంట్. ఊళ్ళో అందరూ ఆయన్ని నిదానం బాబాయి అనేవారు. రెండు నెలల కిందట గుండె ఆగి పోయాడు. ఏది ఎందుకు పెట్టాడో చెప్పడానికి ఆయన లేడు, రాసిపెట్టిన కాగితమూ లేదు.

ఆమె నాన్న కరెంటు పని చేస్తాడు. పాత ఇళ్ళలో ఏ మీట ఏ గదిదో తెలియకపోతే ఒక్కొక్కటే కట్టేసి, "ఎవరు అరుస్తారో వినవే" అనేవాడు. ఆ ఉపాయమే ఇక్కడా వాడదామనుకుంది.

మొదటిది కట్టేసిన పావుగంటకే, రోజూ వార్తలు చదవడానికి వచ్చే తాతగారు కుర్చీ వెనక్కి తోశాడు.

"ఏమ్మా! వార్త చదువుదామంటే చెప్పులూ బూట్లూ ఎగిరెగిరి మీద పడుతున్నాయేంటి? ఇది లైబ్రరీయా, సంతా?"

"ఒక్క నిమిషం తాతగారూ" అని ఆమె నవ్వాపుకుంటూ దాన్ని మళ్ళీ వెలిగించింది. పుస్తకంలో రాసుకుంది: ప్రకటనలు ఆపేది. ఉంచాలి.

రెండోది కట్టేస్తే అక్షరాలు చీమల్లా అయిపోయాయని ట్యూషన్ మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, చివరికి అరిచాడు. అదీ ఉంచాలి.

మూడోదాని పేరు 'ఆగు'. పక్కన చిన్న బల్ల బొమ్మ, కూర్చోడానికి వేసేలాంటిది. వివరం ఉండాల్సిన చోట ఒకటే వాక్యం: "తొందర ఉన్నవాళ్ళకి అక్కర్లేదు." తయారుచేసినవారి పేరు లేదు.

ఇది ఆమె బుర్రను తొలిచేసింది. వెలిగించి పది పేజీలు తెరిచింది, ఆపి అవే పది తెరిచింది. ఇసుమంత తేడా లేదు. పేజీ వేగం తగ్గిందేమోనని గడియారం పెట్టి చూసింది. అదీ లేదు. మంగళవారం పొద్దున అన్ని కంప్యూటర్లలోనూ దాన్ని కట్టేసి చెవులు రిక్కించింది. ఎవరూ కిమ్మనలేదు.

ఆ మధ్యాహ్నమే లాండ్రీలో ఇస్త్రీ చేసే అక్క వచ్చింది. నలభై దాటిన మనిషి.

"అమ్మాయీ, పదో తరగతి పరీక్ష ఓపెన్ స్కూల్లో రాయడానికి దరఖాస్తు ఎక్కడుంటుంది? శుక్రవారం ఐదింటితో సరట. తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలి."

అసిస్టెంట్ పేజీ తెరిచి చూపించింది. "పక్కన కూర్చోనా అక్కా?"

"వద్దులే తల్లీ. పరీక్ష రాసేదాన్ని, నా పేరు నేను కొట్టుకోలేనా?"

బుధవారం భోజనాల వేళ మళ్ళీ వచ్చింది. గురువారం కూడా. వచ్చి అరగంట కూర్చుని, కాగితాలు సంచిలో పెట్టుకుని వెళ్ళేది. "అయిందా అక్కా?" అంటే, "అవుతుందిలే" అనేది.

గురువారం రాత్రి అన్నం తింటూ ఆమె నాన్నతో చెప్పింది. "ఏడింట్లో ఆరింటి సంగతి తేలింది నాన్నా. ఒక్కటే ఉలుకూ పలుకూ లేదు. మూడు రోజులైంది. రేపు పీకేస్తా."

"ఎవరూ అరవలేదని పీకేస్తావా?"

"నువ్వే కదా నేర్పింది!"

"సగమే నేర్చుకున్నావు. మనుషులు అరుస్తారు గానీ ఫ్రిజ్ అరుస్తుందటే? అందులో కూర కుళ్ళాక తెలుస్తుంది. అందుకే నేను మీట కట్టేశాక గది గదికీ వెళ్ళి చూసొస్తా."

"డిగ్రీలో ఫ్రిజ్ పాఠం లేదనుకుంటా" అన్నాడు అన్నయ్య.

శుక్రవారం నాలుగింటికి ఇస్త్రీ అక్క సెలవు పెట్టుకుని మరీ వచ్చింది. అసిస్టెంట్ ఈసారి తన బల్ల దగ్గర కూర్చోలేదు. దుమ్ము గుడ్డ పట్టుకుని అరల మధ్య తిరుగుతూ కుర్చీ కుర్చీ చూసింది. తాతగారు బాగున్నారు. మాస్టారూ బాగున్నారు. అక్క ఒక్క వేలితో అక్షరం వెతుక్కుని నొక్కుతోంది. పుట్టిన తేదీ దగ్గర ఆగి, సంచిలోంచి కాగితం తీసి, మడతలు విప్పి, వేలు పెట్టి చదువుకుంది. తల ఎత్తేసరికి తెర తెల్లబడింది. 'సమయం ముగిసింది, మళ్ళీ మొదలుపెట్టండి' అని ఉంది.

అక్క దొంగతనం చేసినదానిలా అటూ ఇటూ చూసింది. ఎవరూ చూడలేదనుకుని మళ్ళీ మొదటి గడిలో తన పేరు మొదటి అక్షరం వెతకసాగింది.

అసిస్టెంట్ గుడ్డ పక్కన పడేసి దగ్గరికి వెళ్ళింది. "అక్కా, ఇలా ఎన్నిసార్లయింది?"

"ఎనిమిదో తొమ్మిదో. దానికి మాత్రం ఎంతసేపని ఓపికుంటుంది తల్లీ? నా వేలు ఆలస్యం."

"మరి నాతో చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? నాకు రాదని చెప్పుకోనా?" అని అక్క కాగితం మడిచింది. "పోయినేడు ఓపెన్ స్కూల్లో పేరు రాయించుకున్నప్పుడూ రెండుసార్లు ఇలాగే అయింది. అప్పుడు నిదానం బాబాయి ఉన్నాడు కదా. చూసి, 'రేపు రా అమ్మా' అన్నాడు. మర్నాడు వస్తే, 'దానికి చెప్పానులే, నువ్వు నీ పద్ధతిలో కానియ్' అన్నాడు. నిజంగానే ఆగింది! దాన్ని గదమాయించాడేమో అనుకున్నా."

ఇక వినక్కర్లేకపోయింది. అసిస్టెంట్ వంగి, ఆ బల్ల బొమ్మ పక్కనున్న మీట వెలిగించింది. కాసేపటికోసారి 'మనిషి ఇక్కడే ఉంది' అని పేజీకి గుర్తుచేసే పనిముట్టు అది. ఎవరి చేతులకు తొందర లేదో వాళ్ళకే దాని విలువ తెలిసేది.

"దీన్ని మంగళవారం ఆపేసింది నేనే అక్కా. తప్పు నాది."

అక్క ఆమె ముఖంలోకి చూసింది. తిట్లు తప్పవనుకుంది అసిస్టెంట్.

"అయితే నా వేలిది కాదన్నమాట!" అంటూ అక్క ఒక్కసారిగా నవ్వింది. తాతగారు ఉష్ అన్నాడు. "మీరూరుకోండి, మీ చెప్పులూ బూట్లూ మీరు చూసుకోండి" అని అక్క మళ్ళీ కీబోర్డు మీదికి వంగింది.

నాలుగూ పది. పేరు. నాలుగూ ఇరవై. తల్లి పేరు, చిరునామా. మధ్యలో కాగితం కింద పడింది, వెతికింది, దొరికింది. పేజీ కదలకుండా కూర్చుంది. నాలుగూ నలభై ఒకటికి 'దరఖాస్తు అందింది' అని వచ్చింది. ప్రింటు కాగితాన్ని అక్క రెండు చేతులతో అందుకుని, ముడత లేకపోయినా బల్ల మీద పెట్టి అరచేత్తో ఒకసారి సాపు చేసింది.

ఐదింటికి మేడమ్ యాడ్ఆన్‌ల పట్టిక అడిగింది. 'ఆగు' పక్కన 'ఎందుకు' అన్న గడిలో ఆమె నిండా రాసింది. 'ఎవరు తయారుచేశారు' అన్న గడిలో నిదానం బాబాయి అని రాసింది. మేడమ్ అది రెండుసార్లు చదివింది.

"ఆయనకి ఇవన్నీ వచ్చని మాకు తెలీదమ్మా. ఉండనీ."

ఇది చదివేవారికి ఒక మనవి. ఎప్పుడైనా మీరు కాగితం వెతుక్కుని తల ఎత్తేసరికి, మీరు నింపుతున్న పేజీ మీ కోసం అలాగే ఆగి ఉంటే, నిదానం బాబాయిని ఒక్కసారి తలుచుకోండి.