సముద్రం దాటొచ్చిన చేపల డబ్బు

పింఛను ఆఫీసు దొరలారా, తప్పు మీది. మీ ఇంగ్లండులోని హల్ పట్నంలో నలభై నాలుగేళ్లు బస్సు తోలిన మనిషి జీతంలోంచి వారం వారం కోసుకున్నారు. ముసలితనంలో ఎక్కడ కాపురం పెడతావని అప్పుడు అడగలేదు. హల్‌లోనే ఉండిపోయినవాడికి ఏటేటా పింఛను పెంచుతున్నారు. ఫిలిప్పీన్స్ పిల్లను కట్టుకుని ఆ దేశంలో ఉన్నవాడికీ పెంచుతున్నారు. థాయ్‌లాండ్‌లో ఉన్నవాడికి మాత్రం మొదటి నెల ఎంత ఇచ్చారో చచ్చేదాకా అంతే.

మా థాయ్ ఇమిగ్రేషన్ అధికారులారా, మీదీ తప్పే. పరదేశపు పిల్లను చేసుకున్న మా మగవాడి ఇంట్లో మీరు ఎవరి సంపాదనా అడగరు. పరదేశపు మగవాణ్ణి చేసుకున్న మా ఆడదాని ఇంట్లో మాత్రం, మొగుడు నెలకు నలభై వేల బాత్‌లు చూపించి తీరాలంటారు. ఆడదాని సంపాదన మీ కంటికి ఆనదు.

ఈ రెండు తప్పుల నడుమ నలిగింది లమ్యాయ్.

లమ్యాయ్‌కి యాభై ఎనిమిదేళ్లు. ఉదోన్ థానీ మార్కెట్లో ఊరవేసిన చేపలు అమ్ముతుంది. పెద్ద జాడీలు పన్నెండు, చిన్నవి లెక్కలేదు. మార్కెట్లో అడుగుపెట్టిన వాళ్లు కళ్లు మూసుకున్నా వాసన పట్టుకుని ఆమె దుకాణానికి రాగలరు. ఆమె పెనిమిటి నెవిల్‌కి డెబ్బై నాలుగు. పొద్దున్నే జాడీలు కడుగుతాడు, మధ్యాహ్నం పడుకుంటాడు, సాయంత్రం మళ్లీ కడుగుతాడు. బజారంతా అతణ్ణి మామా అంటుంది.

అతని సర్కారు పింఛను, బస్సు కంపెనీ పింఛను కలిపితే ఒకప్పుడు నలభై వేలు దాటి ఇంకా మిగిలేది. పౌండు ధర ఏటేటా కిందికి జారింది, పింఛను పైకి లేవలేదు. నిరుడు అతని పాస్‌బుక్కులో ఒక నెల ముప్పై తొమ్మిది వేల ఆరువందల నలభై పడింది. ఫిబ్రవరిలో వీసా పొడిగింపు కోసం ఇమిగ్రేషన్ ఆఫీసుకు వెళితే, కౌంటర్లో కూర్చున్న సిరిన్యా ఆ అంకె దగ్గర పెన్సిలు ఆపింది.

"మామా, ఈ నెల మూడొందల అరవై తక్కువ."

లమ్యాయ్ నడుముకు కట్టుకున్న సంచీ విప్పింది. "మూడొందల అరవయ్యేగా! ఇదుగో, పట్టు."

"నీ డబ్బు పనికిరాదక్కా. ఆయన డబ్బు కావాలి, పరదేశం నుంచి రావాలి."

"నా డబ్బుకేం రోగమే? చేప కంపు కొడుతోందా?"

"కంపు కాదక్కా, రూలు."

రూలు ప్రకారం నెవిల్ దేశం వదిలాడు. మెకాంగ్ నది మీద వంతెన దాటి లావోస్ దేశంలోని వియెంటియాన్‌లో ఒక లాడ్జీలో పదకొండు రోజులు పడి ఉండి, ఏడాది కొత్త వీసాతో తిరిగొచ్చాడు. మధ్యలో రక్తపోటు మాత్రలు అయిపోయి లాడ్జీ మెట్ల మీద కూలిపోయాడు. నుదుటి మీద నాలుగు కుట్లు పడ్డాయి.

"ఇంకోసారి ఆ వంతెన దాటిస్తే నా కాళ్ల మీద నేను తిరిగి రాను," అన్నాడు జాడీ కడుగుతూ.

"అయితే నేను ఫిలిప్పీన్స్ దాన్నయ్యుంటే నీ పింఛను పెరిగేదన్నమాట."

"పెరిగేది."

"మరి అక్కడే ఎవత్తెనో చూసుకోకపోయావా, ముసలోడా?"

"వెళ్దామనే అనుకున్నా. అక్కడ ఇంత కంపు దొరకదన్నారు."

లమ్యాయ్ చేతిలోని గుడ్డ అతని మీదికి విసిరింది. నవ్వింది కూడా. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. డబ్బు పరదేశం నుంచి రావాలి, అంతేగా? ఎవరు సంపాదించారో పాస్‌బుక్కు చెప్పదు.

మర్నాడు బ్యాంకుకు వెళ్లి ముప్పై వేలు బల్ల మీద పెట్టింది. హల్‌లో ఉన్న నెవిల్ చెల్లెలు మొరీన్ పేరున పంపమంది. గుమాస్తా రెండుసార్లు చదివాడు.

"పిన్నీ, అందరికీ అక్కణ్ణుంచి ఇక్కడికి వస్తుంది. నువ్వేంటి ఇక్కణ్ణుంచి అక్కడికి?"

"తిరిగొచ్చే దారి దానికి తెలుసులే. నువ్వు పంపు."

ఆ రాత్రి మొరీన్ ఫోను చేసింది. "ఒరే అన్నయ్యా, మీ ఆవిడ డబ్బు నాకు పంపడమేంటి, నెలకు యాభై పౌండ్ల చొప్పున తిరిగి నీ ఖాతాలో వేయమనడమేంటి? ఎండకు మతులు పోయాయా మీ ఇద్దరికీ?"

నెవిల్ ఫోను భార్య చేతిలో పెట్టాడు. మధ్యలో నిలబడి ఆమె మాటను ఇంగ్లీషులోకి మార్చి అందించాడు.

"వదినా, నా డబ్బుకు ఇక్కడ మర్యాద లేదట. మీ ఊళ్లో స్నానం చేయించి పంపు."

మొరీన్ ఏ తేదీన వేయాలో అడిగి రాసుకుంది. తర్వాత సరేనంది.

పోతూ ఒక బ్యాంకు కొరికింది, వస్తూ ఇంకో బ్యాంకు కొరికింది, ధర తేడా మరికొంత తిన్నది. ఏడాదిలో ముప్పై వేలకు తిరిగొచ్చింది పాతిక వేలు. ఆ అయిదు వేలు ఎన్ని జాడీల చేపలో లమ్యాయ్‌కి తెలుసు.

మళ్లీ ఫిబ్రవరి వచ్చింది. సిరిన్యా పాస్‌బుక్కు తిప్పింది. పన్నెండు నెలలూ నలభై వేలకు పైనే. పెన్సిలు ఎక్కడా ఆగలేదు.

"మామా, పింఛను పెరిగినట్టుందే? మీ వాళ్లు పెంచారా?"

నెవిల్ గోడ మీది గడియారం వైపు చూశాడు.

"పెరిగింది," అంది లమ్యాయ్. "పెంచిందెవరో నీకెందుకు? సముద్రం దాటే వచ్చిందిగా."

సిరిన్యా ఆమె వేళ్ల వైపు చూసింది. వాళ్లమ్మ చేపలు కొనేది ఆ వేళ్ల దగ్గరే. పేజీ తిప్పి, భార్య సంతకం పెట్టాల్సిన కాగితం ముందుకు జరిపింది. అది లమ్యాయ్ ఏటా పెట్టే సంతకమే. ఎప్పుడూ చదివింది లేదు. ఈసారి కళ్లద్దాలు తీసి పెట్టుకుంది. 'నన్ను, నా ఇంటిని నా భర్త పోషిస్తున్నాడు' అని ఉంది.

"ఇది అబద్ధం, సిరిన్యా."

"అందరూ పెట్టేదే అక్కా."

"ఈయన ఇల్లు నడిపే మాట నిజమే, సగం. ఆ రెండో సగం ఏది? ఎక్కడ రాయాలి?"

"దానికి గడి లేదు. సంతకం లేకపోతే ఫైలు కదలదు."

"పెట్టవే తల్లీ," అన్నాడు నెవిల్ నెమ్మదిగా. అతని చెయ్యి నుదుటి మీది మచ్చ దగ్గరికి పోయింది. అది తడుముకోవడం ఈ మధ్య అతనికి అలవాటైంది.

లమ్యాయ్ ఆ చేతినీ, ఆ మచ్చనూ చూసింది. సంతకం పెట్టింది.

నెల రోజుల తర్వాత పాస్‌పోర్టు మీద ఏడాది ముద్ర పడింది. ఆ ముద్ర పడేదాకా ఆమె నోరెత్తలేదు. పడ్డాక, నెవిల్‌ను బయట నీడలో కూర్చోమని పంపి, సంచీలోంచి ఒక కాగితం తీసి కౌంటరు మీద పరిచింది. కింద నలభై ఒక్క పేర్లు. నూడుల్స్ బండి ఆమె, కుట్టుమిషన్ అక్కచెల్లెళ్లు, జుట్టు కత్తిరించే ఆమె. అందరి మొగుళ్లూ ఇలాంటి పింఛనుదార్లే.

"ఏంటక్కా ఇది?"

"చదువు. రెండే మాటలు. మీ ఫారంలో భార్య సంపాదనకు గడి పెట్టండి, దాన్ని ఆ నలభై వేలల్లో కలపండి. రెండోది ఇంగ్లండు వాళ్లకు. హల్‌లో ఉన్నవాడికి పెంచినంత ఇక్కడున్నవాడికీ పెంచండి. దాని నకలు వాళ్ల ఎంబసీకి పొద్దున్నే పోస్టు చేశాను."

"ఇలాంటివి తీసుకోవడానికి ఇక్కడ విభాగం లేదక్కా. నేను చిన్న ఉద్యోగిని. పైవాళ్లు చూడాలి."

"పైవాళ్లకే పంపు. రూలు నిన్ను మార్చమన్నానా? మా డబ్బు సముద్రం దాటి వచ్చింది, మా కాగితం మేడమెట్లు ఎక్కలేదా?"

వెనక వరసలో ఎవరో నవ్వారు. సిరిన్యా నవ్వలేదు. కాగితం చివర పట్టుకుంది, వదల్లేదు, లాక్కోలేదు.

"నీ చేతిలో ముద్ర ఉంది," అంది లమ్యాయ్. "ఇంకా తడి ఆరలేదు. అందినట్టు వెయ్యి. తేదీ వెయ్యి. నకలు నాకివ్వు. రేపు కాదు, ఇప్పుడే."