కిలోల లెక్కన ట్రాక్టరు

అందరూ ఆయన్ని బేరాలాయన అంటారు. సూది కొంటే దారం కొసరు అడిగే రకం. ఎదుటివాడు విసిగిపోయి దణ్ణం పెట్టేదాకా వదలడు. అలా మిగిల్చిందంతా ఏమైందని మాత్రం అడక్కండి. వరసగా రెండేళ్ళు వాన మొహం చాటేసింది, వానతో బేరం కుదరదు.

ఇప్పుడు వ్యవహారం పీకల మీదికొచ్చింది. ఆయన సాగుచేసే పొలం టీచరమ్మది. బడి నుంచి రిటైరైన ఆవిడ ఆ కౌలు డబ్బులతోనే మందులూ బియ్యమూ కొనుక్కుంటుంది కాబట్టి ఆవిణ్ణి తిట్టుకోవడానికీ వీల్లేదు. శనివారం పొద్దుగూకేలోగా కౌలు కట్టకపోతే పొలం పక్క రైతుకి వెళ్ళిపోతుంది. అది పోతే ఆయనా, ఆయన భార్యా కూలికి పోవాలి. మోకాళ్ళు పట్టేసిన మనుషుల్ని కూలికి ఎవరు పిలుస్తారు? అప్పు కోసం ఎక్కిన గుమ్మమే మళ్ళీ మళ్ళీ ఎక్కి, చివరికి ఆయన్ని చూడగానే జనం తలుపులు వేసుకునేదాకా వచ్చింది.

మిగిలింది రేకుల షెడ్డులోని ట్రాక్టరు ఒక్కటే. ఇంజను మొరాయించిన నాటి నుంచి అది కదల్లేదు. టైర్లు నేలకి అతుక్కుపోయాయి. సీట్లో కోడి గుడ్లు పెడుతోంది.

తుక్కు కొట్టు యజమానికి ఫోను చేశాడు.

"బండిని బండిలా తెస్తే కలగాపులగం రేటే కడతానండీ," అన్నాడతను. "రాగి రాగిగా, ఇత్తడి ఇత్తడిగా వేరుచేసి తెస్తే బాగా గిట్టుబాటవుతుంది. పోత ఇనుముని మాత్రం ముక్కలు కొట్టి తెండి. కొలిమిలో పట్టాలి కదా, దానికి ఇంకో రేటు."

ఆ మాటలో అబద్ధం లేదు. మరో రెండు కొట్లకి చేసినా అదే చెప్పారు. బేరాలాయనకి ప్రాణం లేచొచ్చింది. ఇందులో చిల్లిగవ్వ కూడా వదిలేది లేదని సమ్మెట అద్దెకి తెచ్చాడు.

భార్య పానా పట్టుకుని ఒక మూల కూర్చుంది. సమ్మెట ఎత్తే బలం ఆవిడకి లేదు. ట్రాక్టరు వెనక నాగలిని పైకెత్తే లిఫ్టు పంపు బోల్టులు తుప్పుపట్టి బిగుసుకుపోతే, వాటి మీద కిరోసిన్ చుక్కచుక్కగా పోసి, నానేదాకా కాచుకుని, ఒక్కొక్కటే విప్పసాగింది.

"పెళ్ళివారి నగలు విప్పుతున్నావా ఏంటి?" అని కసిరాడు ఆయన. "ఇంత తాపీగా చేస్తే మనం కౌలు కట్టినట్టే!"

"విప్పితే వచ్చేదాన్ని బద్దలుకొట్టడం దేనికండీ?"

"ముక్కలైతేనే రేటని చెప్తే బుర్రకెక్కదేం?"

ఆవిడ మాత్రం పంపుని వదల్లేదు. ఆయన గేరుబాక్సు మీద పడ్డాడు. అరచేతులు బొబ్బలెక్కి చితికినా ఆపలేదు. ఎముకలు విరిగిన చప్పుడుతో దాని డొక్క పగిలింది. లోపలి పళ్ళచక్రాలు ఊడి రాకపోతే వాటినీ బాదాడు. వైర్ల తొక్క ఒలిచే ఓపిక లేక కుప్పేసి నిప్పంటించాడు. పెళ్ళిలో తను కట్టుకున్న గడియారం అమ్మినప్పుడు కూడా ఆయనకి ఇంత దుఃఖం రాలేదు. కానీ ఏడిస్తే సమ్మెట ఎవరు ఎత్తుతారు?

శనివారం బావమరిది తన ట్రాలీ ఆటోలో సరుకంతా కొట్టుకి చేర్చాడు. యజమాని అయస్కాంతం ఆనించి చూసి, ఒక్కో రకాన్నీ కాటా ఎక్కించాడు. రాగి దగ్గర మొహం చిట్లించాడు.

"కాల్చేశారా? మసి పట్టిన రాగికి రేటు తగ్గుతుందండీ. ఒలిచి తేవాల్సింది."

బేరాలాయన తన విద్యంతా ప్రయోగించాడు. అలిగాడు, బతిమాలాడు, వెళ్ళిపోతానని గేటు దాకా నడిచి తిరిగొచ్చాడు. చివరికి తేలిన మొత్తం కౌలులో సగానికి కూడా రాలేదు.

అప్పుడొచ్చాడు మెకానిక్కు. పాత బండ్ల విడిభాగాల కోసం అప్పుడప్పుడూ ఆ కొట్టుకి వస్తుంటాడట. పోత ఇనుప ముక్కల కుప్ప ముందు గొంతుక్కూర్చుని, ఒక ముక్క మీది అచ్చు నంబరు బొటనవేలితో తుడిచాడు.

"ఇది ఎవరిదండీ?"

"నాదే."

"ఈ మోడలు కంపెనీవాడు ఎప్పుడో ఆపేశాడు. ఈ గేరుబాక్సు కోసం నేను తిరగని ఊరు లేదు." అతను రెండు ముక్కలు తీసుకుని అంచుకి అంచు ఆనించి చూశాడు. "ఇట్లా కొట్టేశారేంటండీ?"

"పగలకుండా ఉంటే ఎంతిచ్చేవాడివి?" అని భార్య అడిగింది.

అతను చెప్పాడు. ఆ డబ్బుతో కౌలంతా కట్టి, విత్తనాలు కొన్నాక కూడా ఇంకా మిగిలేది.

బేరాలాయన యజమాని వైపు తిరిగాడు. "నువ్వు నాకు చెప్పలేదే!"

"మీరు తుక్కు రేటు అడిగారు, తుక్కు రేటు చెప్పాను. ఏం మోడలో అడగడం నాకు తట్టలేదు, చెప్పడం మీకు తట్టలేదు." అతని గొంతులో నిజంగానే బాధ ఉంది.

"పళ్ళచక్రాలున్నాయి," అంటూ బేరాలాయన మోకాళ్ళ మీద కూలబడి కుప్పలో వెతికాడు. "చక్రాలు గట్టివి, అవి పగల్లేదు. చూడు బాబూ, చూడు."

మెకానిక్కు ఒక్కో చక్రం అందుకుని పళ్ళ మీద వేలు పోనిచ్చాడు. ఒకటి పక్కన పెట్టాడు, ఇంకొకటి పక్కన పెట్టాడు. అన్నిటికీ పళ్ళు పెచ్చులూడాయి. సమ్మెట దెబ్బ పడని చక్రమే లేదు. బేరాలాయన ప్రతిదాన్నీ రెండోసారి అందించాడు, అతను కాదనకుండా ప్రతిదాన్నీ రెండోసారి చూశాడు.

లిఫ్టు పంపు దగ్గర అతని వేళ్ళు ఆగాయి. అటూ ఇటూ తిప్పి, ఇరుసు పట్టుకుని కదిపాడు.

"ఇది ఎవరు విప్పారండీ? గీత కూడా పడలేదు."

భార్య కొంగుతో మొహం తుడుచుకుంది. పంపుకి మెకానిక్కు ఒక ధర చెప్పాడు. ఆవిడ మొగుడి వైపు చూసింది, బేరమాడతాడేమోనని. ఆయన పగిలిన ముక్కల వైపే చూస్తున్నాడు. ఆవిడే డబ్బు తీసుకుని కళ్ళకద్దుకుంది.

ఎండ వాలుతుండగా టీచరమ్మ ఇంటికి చేరారు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని నోట్లు చూసుకుంది.

"సగానికి సరిపోయిందమ్మా. పక్క రైతు పొద్దున్నే మొత్తం పట్టుకొచ్చాడు. మీరు ఇన్నేళ్ళు చేశారని ఆపాను. సగం మీరు చేసుకోండి, సగం అతనికిస్తాను."

"ఏ సగమమ్మా?" అని భార్య అడిగింది.

టీచరమ్మ నోట్లు మడుచుకుంది. "బోరున్న వైపు అతనడిగాడు. ఇవ్వనని నేనెట్లా అనగలను?"

ఎండిన రెండేళ్ళూ ఆ బోరు తడిపిన కాస్త మేరే వాళ్ళకి ఇన్ని గింజలు పెట్టింది. ఇప్పుడు చేతికొచ్చింది ఆకాశం వైపు చూసే సగం. వాదించాల్సిందంటూ ఉంటే ఇప్పుడే వాదించాలి. బేరాలాయన మెట్టు మీద చతికిలబడి, బొబ్బలు చితికిన చేతుల్లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఎవరూ మోసం చెయ్యలేదమ్మా. నేనే పగలగొట్టాను. ఈ చేతుల్తో నేనే..."

"ఏం పగలగొట్టావయ్యా?" అంది టీచరమ్మ కంగారుగా.

"ఏం లేదమ్మా," అంటూ భార్య ఆయన పక్కన కూర్చుంది. "ఆయనకి అలసటగా ఉంది. సగం చాలు మాకు. మా పేరు రాసుకోండి."