సుద్దతాడు

వేసవి సెలవుల్లో కూడా డ్రాయింగు మాస్టారు సీతారామాంజనేయులు రోజూ పొద్దున్నే బడికి వచ్చేవారు. వన్‌టౌన్‌లోని ఆ మగపిల్లల హైస్కూల్లో అప్పటికి పిచికలు తప్ప ఎవరూ లేరు. మాస్టారు ఆఫీసు గదిలో మేకుకి తగిలించిన తాళంచెవి తీసుకుని, పదో తరగతి గది తెరిచి, కిటికీలు బార్లా తీసి, వెనకగోడ ముందు కుర్చీ వేసుకునేవారు. ఇంటిదగ్గర మొక్కలకి నీళ్ళు పోసుకోవడం లాంటిదే ఆయనకి అదీ.

ఆ వెనకగోడ మొత్తం నల్లరంగు. బడి విడిచి వెళ్ళే పదో తరగతి పిల్లల్లో, గోడకి అంతకన్నా పట్టదు గనక, నలుగుర్ని వీడ్కోలు సభనాడు మాస్టారు సుద్దముక్కతో దానిమీద గీసేవారు. మర్నాటినుంచి ఏ పిల్లవాడు ఎక్కడ ఏం చేస్తుంటే గోడమీద వాడి బొమ్మా అదే చేసేది. జూన్లో బడి తెరిచి గోడకి మళ్ళీ రంగు వేసేదాకా అంతే. తల్లులకి అదొక సదుపాయం. కొండలరావు తల్లి వరహాలమ్మ మార్కెట్టుకెళ్తూ కిటికీలోంచి తొంగిచూసి, "మావోడు టైపు క్లాసుకెల్నాడా, మేట్నీకెల్నాడా మాస్టారూ?" అని అడిగి మరీ వెళ్ళేది.

కొండలరావుని మాస్టారు పొట్టతో మొదలుపెట్టి గీశారు. తల చివర్లో, చోటు మిగిలితే చూద్దామన్నట్టు పెట్టారు. పక్కన శ్రీరామ్మూర్తి. క్లాసు ఫస్టు. మొహం కన్నా కళ్ళజోడు పెద్దది. ఈ ముక్కుసూటి కుర్రాడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు తలుపు గడియ వేసుకుని సినిమా డాన్సులు చేస్తాడని గోడ చెప్తే తప్ప ఎవరికీ తెలియలేదు. ఈ చివర సూరన్న, జాలరిపేట కుర్రాడు. తెల్లారకుండా సముద్రం మీదికెళ్ళి, ఒడ్డుకొచ్చి, అట్నుంచటే బడికొచ్చి ఆఖరిబెంచీ మీద నిద్రపోయేవాడు. వాడి చెంపమీద మాస్టారు ఒక్క చేపపొలుసు గీశారు. ఆ చివర, తలుపు పక్కన, జగ్గారావు. రెండు చేతులూ జేబుల్లో. వీడు పరుగుపందెంలో సగందాకా అందరికన్నా ముందుండి, అక్కడ జామకాయలమ్మే మనిషి కనిపిస్తే ఆగిపోయాడు. లెక్క సగం చేసి, "ఇక్కడికి వచ్చీసింది కద మాస్టారూ, మిగతాది అదే వచ్చీత్తది" అనేవాడు. బొమ్మకింద మాస్టారు 'సగం బాలుడు' అని రాస్తే క్లాసంతా పడీపడీ నవ్వింది. జగ్గారావూ నవ్వాడు, సగమే.

గీసిన బొమ్మకి తర్వాత ఏదీ కలపకూడదని మాస్టారు నియమం పెట్టుకున్నారు. వెనకోసారి వానలో తడుస్తున్న ఓ కుర్రాడి బొమ్మకి జాలిపడి గొడుగు గీశారు. పూర్ణామార్కెట్టు దగ్గర వాడి చేతిలోకి నిజంగానే గొడుగొచ్చింది. ఎవరిదిరా ఈ గొడుగు అని కానిస్టేబులు పట్టుకున్నాడు. హెడ్మాస్టరు నరసింహమూర్తిగారు స్టేషనుకెళ్ళి విడిపించుకురావలసొచ్చింది. "ఆంజనేయులుగారూ, ఇహ మీరు ఏదీ కలపకండి" అని ఆయన చేతులు జోడించారు.

ఆ మే నెలలో ఒకరోజు పొద్దున్నుంచే గాలి తీరు బాగాలేదు. పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారు. మధ్యాహ్నానికి ఆకాశం సముద్రంమీదికి కుంగింది. కిటికీ రెక్కలు టపటపా కొట్టుకుంటుంటే వెయ్యడానికి లేచిన మాస్టారికి గుమ్మంలో పోతమ్మ కనిపించింది. సూరన్న తల్లి. చీరంతా తడిసి వంటికి అంటుకుపోయి ఉంది. నెత్తిమీద చేపలతట్ట దించడం కూడా మర్చిపోయింది.

"మాస్టారు బాబూ, మావోడు అగుపిస్తన్నాడా? మా తమ్ముడితోటి తెప్పేసుకుని ఎల్నాడు. అందరి తెప్పలూ వచ్చీసినాయి. ఆలిద్దరే రానేదు."

మాస్టారు గోడకేసి చూశారు. పొద్దున్న చూసినప్పుడు సూరన్న తెడ్డు వేస్తున్నాడు. ఇప్పుడు బోర్లా పడుకుని, కనపడనిదాన్ని దేన్నో రెండు చేతులా కావలించుకుని ఉన్నాడు. మావయ్య ఏనాడూ బడికెళ్ళలేదు గనక గోడమీద లేడు. సూరన్న బొమ్మమీంచి నీళ్ళు ధారగా కారి నేలమీద మడుగు కడుతున్నాయి. నీళ్ళతోపాటు సుద్ద కూడా కరుగుతోంది. అరికాళ్ళు అప్పటికే లేవు.

పోతమ్మ తట్ట దించింది. ఏడవలేదు. "తెప్ప గీసీండి బాబూ. పెద్దది," అంది.

"తెప్ప గీస్తే అదీ కొట్టుకుపోతుందమ్మా."

వాన చప్పుడుకి బడి పక్కనున్న ఇంట్లోంచి గొడుగేసుకుని హెడ్మాస్టరుగారు వచ్చారు. గోడని చూసి, గొడుగు మూశారు. మాస్టారు ఆయన మొహంలోకి చూశారు. ఆయన తల ఊపారు.

మాస్టారు సూరన్న నడుం చుట్టూ తాడు గీశారు. లావుగా, పేనిన పేట కనపడేటట్టు గీశారు. తాడు గీయడం కష్టం కాదు, రెండో కొస ఎవరో ఒకరు పట్టుకోవాలి. దగ్గరున్నది కొండలరావు. వాడప్పుడు మద్దిలపాలెం బస్ డిపో దగ్గర మెస్సులో ముద్ద కలుపుతున్నాడు. మాస్టారు తాడు తెచ్చి వాడి చేతిలో పెట్టారు. కొండలరావు ఉలిక్కిపడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అన్నం ముందునుంచి లేచాడు. ఎంగిలిచేత్తోనే తాడు పట్టుకున్నాడు. తాడు బిగిసింది. వాడి పొట్ట ముందుకి సాగింది. కాళ్ళు గోడమీద జర్రున జారాయి.

"ఒక్కడే ఆగలేడు," అంది పోతమ్మ.

శ్రీరామ్మూర్తి సిటీబస్సులో కమ్మీ పట్టుకుని వేలాడుతున్నాడు. మాస్టారు వాడికీ తాడు అందించారు. వాడు పుస్తకం చంకలో నొక్కి రెండు చేతులా అందుకున్నాడు. కళ్ళజోడు ఎగిరిపోయింది. ఇద్దరూ వెనక్కి వాలారు. అయినా ఇద్దర్నీ కలిపి సముద్రం లాక్కుపోతూనే ఉంది. కొండలరావు వచ్చి సూరన్న బొమ్మకి జానెడు దూరంలో పడ్డాడు. సూరన్నకి మోకాళ్ళు కూడా చెరిగిపోయాయి.

ఇక మిగిలింది ఆ చివరనున్న జగ్గారావు. మాస్టారు సుద్దముక్క పట్టుకుని వాడి దాకా వెళ్ళి ఆగిపోయారు.

జగ్గారావు చేతులు ఆ రోజు జేబుల్లో లేవు. పెద్ద ఏప్రాను కట్టుకుని, బిగించిన ఇనపముక్కని ఆకురాయితో అరగదీస్తున్నాడు. నాలుక కాస్త బయటపెట్టి ఒళ్ళు మరిచిపోయి చేస్తున్నాడు. ఇండస్ట్రియల్ ఎస్టేటులో వర్కుషాపు అప్రెంటిసు పరీక్ష. వాడు ఏ పనైనా సగం దాటించడం మాస్టారు ఇదే మొదటిసారి చూడ్డం.

"వాణ్ణి వదిలెయ్యండి ఆంజనేయులుగారూ," అన్నారు హెడ్మాస్టరుగారు, గొంతు తగ్గించి. "వాడి తండ్రి వచ్చి నా దగ్గర సర్టిఫికెట్టు రాయించుకెళ్ళాడు. ఈ ఒక్క చోటా దొరికితే చాలన్నాడు. మధ్యలో ఆపితే మళ్ళీ రానివ్వరు."

మాస్టారు పోతమ్మకేసి చూశారు. పోతమ్మ వింది. వాణ్ణి కూడా కలపమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఆమె కళ్ళు కొడుకు బొమ్మమీదే ఉన్నాయి. సుద్ద మడుగు పెరిగి ఆమె పాదాలదాకా వచ్చింది. ఆమె ఒంగి, ఆ తెల్లనీళ్ళు కారిపోకుండా కొంగుతో కట్ట వేసింది.

"వాడి చేతిలో పెట్టను," అన్నారు మాస్టారు చివరికి. "పక్కన పెడతాను. ఆపైన వాడిష్టం."

శ్రీరామ్మూర్తి వెనకనుంచి తాడు సాగదీసి, కొస తెచ్చి జగ్గారావు భుజం పక్కన ఆపేశారు.

తాడు కొస భుజానికి తగిలింది. జగ్గారావు దోమని తోలినట్టు తోలాడు. మళ్ళీ తగిలింది. ఈసారి తిరిగి చూశాడు. తాడు వెంట కళ్ళు పరిగెత్తించాడు, ఎక్కడినుంచి వస్తోందా అన్నట్టు. తర్వాత ఎదురుగా ఎవరినో, ఫోర్‌మన్ని కాబోలు, చూశాడు. తల దించుకుని మళ్ళీ ఇనపముక్క మీదికి ఒంగాడు.

హెడ్మాస్టరుగారు కళ్ళు మూసుకున్నారు. కొస మెల్లిగా జారుతోంది. భుజం దగ్గర్నుంచి మోచేతికి, మోచేతినుంచి నడుం దగ్గరికి. సూరన్నకి ఇప్పుడు నడుం కింద ఏమీ లేదు. మాస్టారికి పిలవాలనిపించింది. పిలిస్తే వినపడదు. వినపడినా పిలిచే హక్కు తనకి లేదు. సుద్దముక్క ఆయన పిడికిట్లోనే పిండి అయిపోయింది.

జగ్గారావు ఆకురాయి పడేశాడు. జారిపోతున్న కొసని దూకి అందుకున్నాడు. అందీ అందక జారుతుంటే మణికట్టుకి మెలిక తిప్పి చుట్టేసుకుని, గోడ అంచుకి కాలు తన్ని, వెనక్కి పడిపోయాడు. తాడు ఖంగుమంది. ఆ చప్పుడు గదిలో అందరికీ వినిపించింది.

తర్వాత చాలాసేపు ఏమీ జరగలేదు. ముగ్గురూ విరిగిపోతారేమో అన్నట్టు వంగి ఉన్నారు. పోతమ్మ గొంతులోంచి సన్నగా, వల లాగే ఆడవాళ్ళ పాటలాంటిది వచ్చింది. దానికి మాటలు లేవు. ఆ ఊపుకే కాబోలు కొండలరావు ఒక అడుగు వెనక్కి వేశాడు. శ్రీరామ్మూర్తి ఒకటి. ఇటు చివర సూరన్నకి తొడలు వచ్చాయి. మోకాళ్ళు వచ్చాయి. సాయంత్రమవుతుంటే, తెల్లగా, వేళ్ళతో సహా, అరికాళ్ళు వచ్చాయి. సూరన్న లేచి, ముందుకి తూలి, బోర్లా పడ్డాడు. పడ్డచోటే ఉండిపోయాడు. వీపు ఎగిరెగిరి పడుతోంది.

"ఇసక," అంది పోతమ్మ. "ఒడ్డుకొచ్చీసినాడు." తట్ట అక్కడే వదిలేసి వానలోకి పరిగెత్తింది.

ఆ గాలికి ఎదురు ఒక తెప్ప, మేనమావా మేనల్లుళ్ళతో, ఎవరో ఈడ్చుకొచ్చినట్టు తిన్నగా ఒడ్డుకి రావడం జాలరిపేటంతా చూసింది. మర్నాడు మిగతా కబుర్లూ తెలిశాయి. మెస్సులో కొండలరావు పెనుగులాట చూసి మూర్ఛ అనుకుని సర్వరు వాడి చేతిలో తాళాలగుత్తి పెట్టబోయాడు. తాడు కనిపించాక, "కాలు కడ్డీకి ఆన్చు బావా" అని సలహా చెప్పాడు. బస్సులో కండక్టరు మాత్రం, "తాడు లోనకి లాక్కో బాబూ, డోరు కాడ మనుసులు దిగాల" అన్నాడట.

జగ్గారావు కబురు ఎవరూ తేలేదు. గాలి తగ్గిన రెండోనాడు వాడి తండ్రి గవర్రాజే వచ్చాడు. పోర్టులో ఓడల్ని మోకులతో ఒడ్డుకి కట్టే కలాసీ. వెనక జగ్గారావు, చేతులు వీపువెనక పెట్టుకుని. గవర్రాజు గడప దాటలేదు.

"నమస్కారం మాస్టారూ. మీ తాడు మీరు గీసుకున్నారు. మావోడి నౌకరీ ఎవుడు గీత్తాడు?"

మాస్టారు కుర్చీలోంచి లేచారు.

"మద్దిలో వగ్గేత్తే అయిపోనట్టే అన్నాడంట ఫోర్‌మను. వగ్గేసినాడు. ఏదీ సివరంటా సేసినోడు కాడు. అదొక్కటీ సేత్తాడనుకున్నాను. ఆ ఇనపముక్క సూసి ఫోర్‌మను బాగా సేసినాడన్నాడంట కూడాను." గవర్రాజు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "సెప్పండి. మీరు సదూకున్నోరు."

"ఉద్యోగం బొమ్మ ఎలా ఉంటుందో నాకు తెలియదు గవర్రాజూ," అన్నారు మాస్టారు. "తెలిస్తే గీసేవాణ్ణి. నీకు కోపం రావడం న్యాయమే."

"నాను ఆయన సెప్తే పట్టుకోనేదు నాన్నా," అన్నాడు జగ్గారావు. "ఆయన పక్కనెట్టినారు. నానే పట్టుకున్నాను."

అలా అంటూ వాడు చెయ్యి ముందుకి చాపాడు. గవర్రాజు ఆ చేతిని చూశాడు. గబుక్కున పట్టుకుని వెలుతురులోకి తిప్పాడు. అరచెయ్యి అడ్డంగా చీరుకుపోయి ఉంది. మణికట్టు చుట్టూ పేట పేటగా కమిలిన వాత.

"ఏటిరా ఇది? సుట్టుకున్నావేటి?"

"జారిపోతంది నాన్నా."

"జారిపోతే సుట్టీసుకుంటార్రా సన్నాసీ? ఓడ ఒక్కపాలి నాగితే సెయ్యి ఊడి తాడుతోటి ఎల్లిపోద్ది. ఎవుడు నేర్పినాడ్రా నీకు?"

"ఎవురూ నేర్పనేదు."

గవర్రాజు గడప దాటి లోపలికొచ్చాడు. భుజంమీద తువ్వాలు తీసి, మెలిపెట్టి, మోకులా పేనాడు. ఒక కొస కొడుక్కిచ్చి వాడి వెనక నిలబడ్డాడు. "ఇలాగ. ఒక సెయ్యి కింద, ఒక సెయ్యి పైన. సేతుల్తోటి కాదు, నడుంతోటి ఆపాల. కాలు ముందరెట్టు. ఇంకా. ఆఁ." కమిలినచోటు తగలకుండా వాడి వేళ్ళు ఒక్కొక్కటే సర్దాడు. "సోమారం నాతోటి జెట్టీకి రా. మా గేంగులో మనిసి తక్కువున్నాడు."

తర్వాత రెండో కొస మాస్టారి చేతిలో పెట్టాడు.

"మీరు ఓడ, మాస్టారూ. లాగండి."

మాస్టారు ఉత్తరీయం నడుముకి బిగించి, ఉన్న బలమంతా పెట్టి లాగారు. జగ్గారావు కదల్లేదు. చెప్పులు నేలమీద జారి మాస్టారే రెండడుగులు ముందుకొచ్చారు.