నూట పన్నెండు మంది మాట

వన్ టౌన్‌లో ఎండుచేపల సందు ఎక్కడుందని ఎవరినీ అడగక్కర్లేదు, ముక్కే దారి చూపిస్తుంది. ఆ సందులో గంగారత్నానికి ఇరవై రెండేళ్లుగా కొట్టుంది. మొగుడు పోయాక బందరు మెత్తళ్లు, ఎండురొయ్యలు అమ్మి ఇద్దరు కూతుళ్లకు పెళ్లిళ్లు చేసింది. ఆ గుమ్మంలోనే కూర్చుని పదిమంది తగవులు తీర్చే పెద్దమనిషైంది. ఆ కొట్టు లేకపోతే తనెవరో ఆమెకే తెలీదు.

రెండువేల మూడులో ఊరి పెద్దలకు ఉన్నట్టుండి వన్ టౌన్ మీద ప్రేమ పుట్టుకొచ్చింది. నగర శోభా సంఘం అని ఒకటి పెట్టుకున్నారు. పాత సందులు బాగుచేసి, పూలకుండీలు పెట్టి, బెంచీలు వేస్తే జనం సాయంత్రాలు షికారుకొస్తారన్నారు. షికారుకీ ఎండుచేపల వాసనకీ పొత్తు కుదరదు కాబట్టి, ఆ సందు ఖాళీ చేయించి కొట్లన్నీ ఊరవతల యార్డుకి తరలిద్దామన్నారు. అయితే వాళ్లు మర్యాదస్తులు, జనాన్ని అడక్కుండా ఏ పనీ చెయ్యరు. ఇంటర్నెట్‌లో వారం రోజులు చర్చ పెట్టాం, ఎవరైనా అభిప్రాయం రాయొచ్చు, ఎక్కువమంది ఏదంటే అదే చేస్తాం అని పేపర్లో వేయించారు. కంప్యూటర్ మొహం చూసినవాడు ఎండుచేపల సందులో ఒక్కడూ లేడన్న సంగతి వాళ్లకు తట్టలేదు, లేదా బాగానే తట్టింది.

గంగారత్నం భయపడలేదు. అర్జీలంటే ఆమెకు కొట్టినపిండి. కుళాయి రాకపోయినా, కాలవ పొంగినా ఆ సందు నుంచి వెళ్లేది ఒకటే కాగితం. పైన విన్నపం, కింద అందరి సంతకాలు. ఈసారీ కొట్లవాళ్లు, గంపలు మోసేవాళ్లు, తోపుడుబళ్లవాళ్లు కలిపి నూట పన్నెండు మందిని కూడగట్టింది. మొదటి పేరు ఎవరిదన్న దగ్గర ఎదురుకొట్టు కొండలయ్య, వయసులో పెద్దవాణ్ణి నేను, నా పేరే ఉండాలని రెండు రోజులు అలిగాడు. చివరికి తిరిగేది గంగారత్నమే గనక ఆమె పేరే పైన పెట్టారు.

ఆరో రోజున కాగితం పట్టుకుని గవర్నర్‌పేటలో జాన్‌బాబు నడిపే ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లింది. అతను కాగితమంతా చదివి, ఒక్కొక్కరి పేరునా ఒక్కో ఉత్తరం పంపితే మంచిదేమోనండీ అని నసిగాడు.

“విడివిడిగా రాస్తే మాలో మాకు పడదనుకుంటారు జాన్‌బాబూ. మేమంతా ఒక్క మాట మీదున్నామని వాళ్లకు తెలియాలి. ఒక్క ఉత్తరమే కొట్టు.”

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడుతూ జాన్‌బాబు రెండు గంటలు కూర్చున్నాడు. సంతకం రానివాళ్ల పేర్ల పక్కన వేలిముద్ర అని కూడా కొట్టించింది గంగారత్నం. సగం గెలిచినట్టే అనుకుంటూ ఇంటికెళ్లింది.

ఫలితం చెప్పడానికి సంఘం పెద్ద వెంకటసుబ్బారావు గారు సభ పెట్టారు. రిటైరైన ఇంజనీరు, గొంతు పెంచి ఎరగని మనిషి. సందు ఖాళీ చెయ్యాలని డెబ్భై నాలుగు ఉత్తరాలు, వద్దని ఒక్కటి వచ్చాయని చదివారు. ఆపైన, వన్ టౌన్ నుంచి చర్చలో పాల్గొన్న ఏకైక మహిళ అంటూ గంగారత్నాన్ని వేదిక మీదకు పిలిచి శాలువా కప్పారు.

“నా పేరు కింద ఇంకా నూట పదకొండు పేర్లున్నాయండీ” అంది ఆమె.

“చూశానమ్మా, చక్కగా రాయించారు. కానీ కంప్యూటర్ ఉత్తరాలనే లెక్కపెడుతుంది, అందులో ఎంతమందున్నారో దానికి తెలీదండి. ఈసారి విడివిడిగా రాయించండి.”

జనం చప్పట్లు కొట్టారు. నిండు సభలో శాలువా కప్పి మరీ చెంపదెబ్బ కొట్టారని ఆమెకు ఒళ్లు మండిపోయింది.

మూడు నెలల్లో సందు ఖాళీ అయింది. యార్డుకి పాత బేరాలు సగం కూడా రాలేదు. అలాంటి రోజుల్లో సంఘం ఇంకో చర్చ పెట్టింది. సందులో వేసే బెంచీలకు ఏ రంగు వెయ్యాలి, ఆకుపచ్చా, కాఫీరంగా, నీలమా. వేరే మాట రాయడానికి చోటే లేదు, మూడింట్లో ఒకటి నొక్కాలి.

గంగారత్నానికి పౌరుషం పొడుచుకొచ్చింది. విడివిడిగా రమ్మన్నారుగా, వస్తాం పదండంది. నూట పన్నెండు మందినీ ఆటోల్లో కుక్కి గవర్నర్‌పేట తీసుకెళ్లింది. జాన్‌బాబు సెంటర్ మెట్ల మీంచి రోడ్డు దాకా వరస. ఒక్కొక్కరూ లోపలికెళ్లి, తమ పేరు చెప్పి, తమ వేలితోనే నీలం నొక్కి వచ్చారు. నీలమే ఎందుకని ఎవరూ అడగలేదు, గంగారత్నం చెప్పింది గనక.

వారం తిరక్కుండా జాన్‌బాబు యార్డుకొచ్చి కబురు చెప్పాడు. నీలానికి నూట పన్నెండు, ఆకుపచ్చకు ముప్ఫై ఒకటి, కాఫీరంగుకు తొమ్మిది. యార్డంతా ఈలలు, కేకలు. ఒక్కరూ తప్పిపోలేదు చూశారా అని గంగారత్నం పొంగిపోయి అందరికీ టీలు చెప్పింది. ఇన్ని నెలల్లో ఆమె అంత తేలిగ్గా నవ్వింది ఆ రోజే.

కొండలయ్య టీగ్లాసుతో వచ్చి పక్కన కూర్చున్నాడు.

“చెల్లెమ్మా, మన బెంచీ నీ కొట్టున్న చోట వేస్తారంటావా, నా కొట్టున్న చోటా?”

వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. ఇంతసేపూ తను సంబరపడింది దేనికో గంగారత్నానికి అప్పుడు తెలిసింది. సిగ్గుతో తల దించుకుంది.

“నీ కొట్టు దగ్గరే వేయిద్దాంలే అన్నయ్యా” అంది. “పెద్దవాడివి.”