మొక్కజొన్న కొయ్యల్లో గోధుమ

ఎవారిస్తో లార్రాల్దే ఈ ఏడు నాగలి పట్టడన్న మాట బల్కార్సే కొండల చుట్టుపక్కల ఎవరూ నమ్మలేదు. తాత ఎడ్లతోనూ, తండ్రి గుర్రాలతోనూ, తను ట్రాక్టరుతోనూ దున్నుకుంటూ వచ్చిన కొండవాలు అది. దుక్కయ్యాక చేలో ఒక్క గడ్డిపరక కనిపించినా ఆ ఇంట్లో మగవాళ్ళకు ముద్ద దిగేది కాదు. ఆ నల్లటి దుక్కిని చూసి దారిన పోయేవాళ్ళు బండి ఆపి మరీ మెచ్చుకునేవాళ్ళు.

ఆ నల్లమట్టే మార్చి వానలకు మొక్కజొన్న సాళ్ళ మధ్యనుంచి కొట్టుకుపోయింది. వాలు పొడుగునా ఎంత గండి పడిందంటే, అందులోకి దిగిన ఆవు కొమ్ములు కూడా గట్టుమీంచి కనిపించలేదు. ఆవును తాళ్ళు కట్టి పైకి లాగిన సాయంత్రమే ఎవారిస్తో టోపీ చేత్తో పట్టుకుని ఇర్మా ఉండే బండి దగ్గరికి వచ్చాడు.

ఇర్మా సాగస్తుమేకి ఇల్లంటూ లేదు. ట్రాక్టరు వెనక కట్టుకుని ఊరూరా తిప్పే రేకుల బండే ఇల్లు. దాని పక్కన, ఎడ్లకొట్టమంత పొడుగున, దున్నకుండా విత్తే పెద్ద గొర్రు. దాన్ని కొన్నవాడు ఆమె మొగుడు ఒస్మార్. చుట్టుపక్కల అలాంటిది అదే మొదటిది కావడంతో రెండేళ్ళపాటు పిలిచిన రైతు లేడు. విసిగి విసిగి అతను మందుల షాపు ఆవిడతో బయియా బ్లాంకా వెళ్ళిపోయాడు. గొర్రు మిగిలింది, అత్త మిగిలింది. కొడుకు వెళ్ళిన మర్నాడు బెనిల్దా తన పెట్టె తెచ్చి కోడలి బండిలో పెట్టి, "నీ చేతి వంట తిన్నాక వాడెందుకు పోయాడో అర్థమైందే అమ్మాయ్. ఇకనుంచి వంట నేను చేస్తా" అంది. అప్పటినుంచీ ఇద్దరూ ఒకటే బండి, ఒకటే పొయ్యి.

ఎవారిస్తో గుమ్మం బయటే నిలబడ్డాడు. "ఏమ్మా, ఈ ఇనుము పనిచేస్తుందా, లేక తిరణాలలో చూపించడానికి తెచ్చుకున్నావా?"

ఇర్మా జవాబు చెప్పేలోపే లోపలినుంచి బెనిల్దా అందుకుంది. "లోపలికి రా ఎవారిస్తో! బళ్ళో నా వెనక బెంచీ మీద కూచుని ముక్కు చీదేవాడివి, గుమ్మంలో నిలబడితే పెద్దమనిషివైపోతావా?"

ఆయన లోపలికి రాలేదు. "కొండంతా ఇస్తా. సగం నీ పద్ధతీ సగం నా పద్ధతీ అనే బేరాలు నాకు పడవు. మొలిస్తే సరే. మొలవకపోతే మాత్రం దుక్కి పళ్ళచక్రాలు దింపి మొత్తం తిరగదున్నేస్తా. ఆ తర్వాత ఈ కొండల్లో ఈ యంత్రం మాట నువ్వెత్తకూడదు."

"అలాగేనండి" అంది ఇర్మా. ఆయన వెళ్ళాక అత్త కోడలి మొహం చూసింది. "పిచ్చిదానా, కాస్త బెట్టు చెయ్యకూడదూ?"

"రెండేళ్ళనుంచి బెట్టు చేస్తూనే ఉన్నాం కదత్తయ్యా, ఎవరూ రాకుండానే."

జూలైలో, అక్కడి నడి చలికాలంలో, విత్తడానికి దిగారు. కొండవాలంతా కోసేసిన మొక్కజొన్న కొయ్యలు, వాటి మధ్య మందంగా పరుచుకున్న ఎండుటాకు. పొద్దున్నే తెల్లగా మంచు పట్టి కొండ పిండి చల్లినట్టుంది. ఎవారిస్తో సూర్యుడికంటే ముందొచ్చాడు. ఇర్మా ట్రాక్టరు మెట్టుమీద కూచుని మాతే ఆకు వేసిన కాయబుర్రలో వేడినీళ్ళు పోసుకుని గొట్టంతో తాపీగా పీలుస్తోంది. ఆయన ఆ చివరనుంచి ఈ చివరకు నడిచాడు. మళ్ళీ నడిచాడు. పొద్దు బారెడెక్కింది. ఆమె కాయబుర్ర మళ్ళీ నింపుకుంది.

ఇక ఆగలేకపోయాడు. "మా నాన్న ఈపాటికి సగం చేను దున్నేసి గుర్రాలకు నీళ్ళు పెట్టేవాడు."

"అందుకే మట్టి సముద్రంలో కలిసింది" అంది బండి కిటికీలోంచి బెనిల్దా.

"మీరూరుకోండత్తయ్యా." ఇర్మా దిగి నేలమీంచి ఒక తడి మొక్కజొన్నాకు తీసి ఆయన చేతికిచ్చింది. "తుంచండి చూద్దాం." ఆయన మెలిపెట్టి లాగాడు. అది తోలుపట్టీలా సాగిందే కానీ తెగలేదు. "ఇప్పుడు విత్తితే ముందుండే కోత చక్రం దీన్ని కోయలేదు. మడతపెట్టి సాల్లోకి తోసేస్తుంది. గింజ పరుపుమీద పడుకున్నట్టు ఆకుమీద పడుకుంటుంది. మట్టి తగలకపోతే మొలకెక్కడిదండీ?"

"ఎప్పటికి ఆరుతుంది?"

"పుటుక్కుమని విరిగినప్పుడు."

ఆయన కాసేపటికోసారి వంగి ఒక ఆకు తీసి విరిచి చూడసాగాడు. చివరికి ఒకటి పుటుక్కుమంది. తల ఎత్తి చూసేసరికి ఇర్మా ట్రాక్టరు ఎక్కేసింది.

గొర్రు కిందికి దిగింది. ముందు చక్రాలు కొయ్యల్ని కరకరా కోస్తూ పోయాయి. వాటి వెనక జంట చక్రాలు సన్నటి సాలు తెరిచాయి. గింజ రాలింది. ఆ వెనక చిన్న చక్రాలు సాలు అదిమి మూసేశాయి. యంత్రం వెళ్ళిపోయాక నేలమీద కత్తితో గీసినట్టు సన్నటి గీతలు తప్ప ఏమీ లేదు. ఆకు ఆకులాగే ఉంది, కొయ్య కొయ్యలాగే ఉంది. ఎవారిస్తో బిత్తరపోయి చూస్తూ నిలబడ్డాడు. పని జరిగినట్టే అనిపించలేదు ఆయనకు.

ఇర్మా మాత్రం పైనుంచి కిందికి కాకుండా కొండకు అడ్డంగా తోలింది. బరువైన గొర్రు అడుగడుగునా పల్లానికి జారబోతుంది. ఆమె ట్రాక్టరు ముక్కును ఎగువకు తిప్పిపెట్టి, మెడ వెనక్కి తిప్పి, ఒక భుజంతో స్టీరింగు అదిమి తోలింది. ప్రతి మలుపులోనూ దిగి, చాకుతో సాలు తవ్వి గింజ వెతికింది. రెండు వేళ్ళ లోతున, చుట్టూ చల్లటి పదునున్న మట్టితో దొరికితేనే మళ్ళీ ఎక్కింది. కాస్త పైకి ఉంటే స్ప్రింగులు బిగించింది. సాయంత్రానికి ఆమె మెడ తిరిగేది కాదు. బెనిల్దా సారాయి రాసి మర్దనా చేస్తూ, "ఈ పక్కకే తిరిగి ఉంటే మంచిది, ఒస్మార్ వెళ్ళింది ఆ పక్కకి" అనేది.

కొండంతా అయింది. అడుగున వాగు పక్క పల్లం మిగిలింది. ఆ రోజు దక్షిణాన మబ్బు కమ్మింది. పల్లంలో నేల ఇంకా జిగురుగా ఉంది. బెనిల్దా బూటు అదిమి చూసింది. "ఇది ఇవాళ వద్దే. బూటుకు అంటుకుంటోంది."

"వాన పడితే ఇక రెండు వారాలు దిగలేమత్తయ్యా. ఇంతాచేసి ఈ ముక్క వదిలేస్తే ఆయన ఊరంతా చెబుతాడు."

"ఆయన చెబుతాడనా విత్తుతున్నావు, మొలుస్తుందనా?"

ఇర్మా వినలేదు. పల్లమంతా విత్తేసింది. వెనక్కి చూస్తే అక్కడక్కడ సాళ్ళు మూసుకోకుండా నోళ్ళు తెరుచుకునే ఉన్నాయి. చూసింది. చూసి కూడా తోలింది. చివరి మలుపు తిరిగేసరికి తుంపర మొదలైంది.

తర్వాత చలి బిగిసింది. పక్క కమతం గారాసినోది. అతను శుభ్రంగా దున్ని విత్తాడు. అతని చేలో ముందే ఆకుపచ్చ గీతలు లేచాయి. ఎవారిస్తో కొండ మాత్రం విత్తిన రోజు ఎలా ఉందో అలాగే, ఎండుటాకు కప్పుకుని పడుకుంది. ఆదివారం ఊళ్ళో కొట్టు దగ్గర గారాసినో అందరూ వినేలా, "ఎవారిస్తో ఇర్మా మాట విని గడ్డం గీసుకోవడం మానేశాడు. చూశారా, చేను మొహం నిండా కొయ్యల గడ్డమే!" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవారిస్తో చేతిలో గ్లాసు బల్లమీద పెట్టి లేచి వచ్చేశాడు. ఆ కొట్లో ఆయన్ని చూసి అలా నవ్వడం అదే మొదటిసారి.

మర్నాడు డీజిలు పోసే మనిషి ఇర్మాకు చెప్పాడు. "మీ పెద్దాయన పళ్ళచక్రాలకు గ్రీజు పెడుతున్నాడక్కా."

ఇర్మా పాత ట్రక్కు తీసి, అత్త ఎక్కిందో లేదో చూడకుండా తోలింది. బెనిల్దా పరిగెత్తి వెనకాల ఎక్కింది. వాళ్ళు చేరేసరికి ఎవారిస్తో ట్రాక్టరు గేటు దాటి కొండ పైఅంచున నిలబడి ఉంది. చక్రాలు ఇంకా నేల తాకలేదు. ఇర్మా వెళ్ళి దాని ముందు నిలబడింది.

"పక్కకు తప్పుకోమ్మా. మాట మాటే."

"మాట మాటేనండి. మొలవకపోతే కదా. చూశారా మీరు?"

"రోజూ చూస్తున్నా. గడ్డి తప్ప ఏముంది?"

"పైనుంచి చూస్తే ఏం కనపడుతుంది? దిగండి."

"ఇంజను ఆపను."

"ఆపకండి. దిగండి చాలు."

ఆయన దిగాడు. ఇర్మా మోకాళ్ళమీద కూచుని రెండు చేతులతో ఎండుటాకు పక్కకు తీసింది. కింద చలికి వంగి, పాలిపోయిన పసుపురంగులో, సూదంత మొలకలు. ఒకటి కాదు, సాలు పొడుగునా ఒకదాని వెనక ఒకటి. ఆకు కింద నేల చల్లగా ఉంటుంది, అందుకే ఆలస్యం. ఆయన తనే ఇంకోచోట తీశాడు. ఉన్నాయి. పది బారలు నడిచి మళ్ళీ తీశాడు. అక్కడా ఉన్నాయి. కానీ మనిషి మొండివాడు. కొండ దిగి తిన్నగా పల్లంలోకి నడిచాడు. ఇర్మా వెంటే వెళ్ళింది.

అక్కడ ఆకు తీస్తే తెరుచుకున్న సాలు. గింజలు కొన్ని కుళ్ళి మెత్తబడ్డాయి, కొన్నింటిని పావురాలు ఏరుకుపోయాయి. ఆయన లేచి ఆమెవైపు చూశాడు. గండం గడిచిందనుకున్న చోటే మళ్ళీ మొదటికొచ్చింది.

చలి అనొచ్చు. విత్తనం మీద నెట్టొచ్చు. ఇర్మా అలాంటివేవీ అనలేదు. "ఇక్కడ తప్పు నాదే. తడినేలమీద తోలాను. అత్తయ్య వద్దన్నా వినలేదు. ఈ పల్లం నా విత్తనంతో మళ్ళీ విత్తుతా. మీరు తిట్టండి, పడతా. కానీ కొండమీద మాత్రం ఆ చక్రాలు దింపనివ్వను. మొలిచిన పైరును దున్నితే అది నాకు శిక్ష కాదు, మీ కొండకు."

ఎవారిస్తో కుళ్ళిన గింజ ఒకటి వేళ్ళతో నలిపి పారేశాడు. పైన ఇంజను ఒంటరిగా కొట్టుకుంటోంది.

"మా నాన్న ఎప్పుడూ తప్పు తనదని అనలేదు" అన్నాడు చివరికి. "ప్రతిసారీ వానదే తప్పు." కొండ ఎక్కి ట్రాక్టరు వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

పల్లం మళ్ళీ విత్తేటప్పుడు ట్రాక్టరు తాళంచెవి బెనిల్దా దగ్గరుంది. జేబులో వేసుకుని పల్లం మధ్యలో స్టూలు వేసుకుని కూచుంది. ఇర్మా వచ్చి అడిగినప్పుడల్లా పిడికెడు మట్టి పిసికి, ముద్దగా నిలిస్తే "రేపు రా" అనేది. ఎవారిస్తో కంచెమీద మోచేతులానించి చూస్తూ, "బెనిల్దా, నువ్వు బళ్ళో కూడా ఇంతే. సుద్దముక్క ఎవరికీ ఇచ్చేదానివి కాదు" అన్నాడు. కొన్నాళ్ళకు మట్టి వేళ్ళమధ్య పొడిపొడిగా రాలింది. ఆమె తాళంచెవి తీసి కోడలి చేతిలో పెట్టింది. త్వరగా పండే రకం విత్తారు. ఈసారి సాళ్ళన్నీ మూసుకున్నాయి.

ఆగస్టు చివర, ఏటా వచ్చినట్టే సాంతా రోసా పండగనాటి గాలివాన వచ్చింది. ఏటాకన్నా ఎక్కువగా వచ్చింది. రేకుల బండి ఊగిపోయింది. బయటకు చూడ్డానికి ఇద్దరికీ ధైర్యం చాల్లేదు. తెల్లారి వాన వెలిసాక కొండ దగ్గరికి వెళితే దారి లేదు. గారాసినో చేలోంచి దిగిన బురద అతని గేటును సగానికి ముంచి దారికి అడ్డంగా పడి ఉంది. అతను మోకాలిలోతు బురదలో పార పట్టుకుని ఉన్నాడు. బెనిల్దా నోరు తెరిచింది. ఇర్మా ఆమె మోచెయ్యి నొక్కింది. ఇద్దరూ దిగి నడిచారు.

ఎవారిస్తో అప్పటికే కొండమీద ఉన్నాడు. పాత గండిలో నీళ్ళు పారుతున్నాయి. అది మాననూ లేదు, పెరగనూ లేదు. కంచె పొడుగునా కొట్టుకొచ్చిన ఆకు చాపల్లా పేరుకుంది. మిగిలిన కొండ మిగిలినట్టే ఉంది. కొయ్యలు నిలబడి ఉన్నాయి, వాటి మధ్య గోధుమ బెత్తెడెత్తున తడిసి మెరుస్తోంది. వాగులోకి దిగే నీళ్ళు పల్చటి డికాషను రంగులో ఉన్నాయి, బురదరంగులో కాదు. ఆయన దోసిట్లో పట్టి చూసి పారబోశాడు. తర్వాత కొట్టంలోంచి రెండు పారలు తెచ్చి, ఒకటి ఇర్మాకిచ్చి, గారాసినో గేటువైపు నడిచాడు. మధ్యాహ్నందాకా ముగ్గురూ కలిసి బురద ఎత్తారు. గారాసినో గడ్డం మాట ఎత్తలేదు.

జనవరి ఎండల్లో కోత. కొండ పంట ఆ ఊళ్ళో అందరికన్నా ఎక్కువేమీ కాదు, కానీ సిగ్గుపడేంత తక్కువా కాదు. పల్లంలో పైరు పలచగా, పొట్టిగా ఉంది. దాన్ని చూసినప్పుడల్లా ఇర్మా మొహం తిప్పుకునేది.

కోత మిషను కొండ సగం కోసేసరికి ఎవారిస్తో టోపీ ఊపుకుంటూ, అరుచుకుంటూ దానికి అడ్డంగా పరిగెత్తాడు. ఏ రాయో తగిలిందనుకుని డ్రైవరు మిషను ఆపాడు.

"గడ్డి ఒకే చోట కుప్ప పోస్తున్నావేంట్రా? తుంపి సమంగా చల్లు! రేపు దీనిమీద ఎలా విత్తాలి? కుప్పమీద చక్రం దిగుతుందా? గింజకు మట్టి తగలొద్దూ?"

"ఎవరు చెప్పారు తాతా ఇవన్నీ?"

"ఎవరో చెప్పేదేంటి? నాకు తెలీదా!"

గట్టుమీద నిలబడ్డ బెనిల్దాకు నవ్వాగలేదు, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవారిస్తో అప్పటికే పడిన కుప్పల దగ్గరికి వెళ్ళి, పంగలకర్రతో గడ్డి ఎత్తి దూరంగా విసరసాగాడు. ఎండ నిప్పులు కక్కుతోంది. వయసు మళ్ళిన ఒళ్ళు, విసిరినప్పుడల్లా తూలుతోంది. ఇర్మా ఇంకో పంగలకర్ర తీసుకుని రెండో కుప్ప దగ్గరికి వెళ్ళింది.