తోడు సభ్యురాలు

ఉచితంగా చేర్చుకున్న చోట మనిషి ఎంత మిగులుతుంది? భోజనాల బల్ల తుడుస్తూ, అచ్చుకు వెళ్లాల్సిన కాగితం తడవకుండా పక్కకు జరుపుతూ, డాక్టరమ్మ తనను తాను అడిగింది. కాగితం మీద భర్త చేతిరాత: ‘భర్త చేరితే భార్యకు ప్రవేశ రుసుము లేదు.’ ఆ కిందే, భార్య పేరుండాల్సిన చోట, ‘తోడు సభ్యురాలు’.

ఇద్దరూ ఒకే కాలేజీలో చదివిన వైద్యులు. వచ్చిన ప్రతిసారీ ఫీజు తీసుకోవడం మాని, ఒకసారి సభ్యులైన వారిని ఏడాదంతా చూసే పద్ధతి ఆయన ఆలోచన. కొన్ని కుటుంబాలతో ప్రయోగం మొదలైంది. రుసుము ఖరారు చేసి ఈ పూట ప్రెస్సుకు చెప్పాలి.

“ఆడవాళ్లు ఉచితమంటే మగాళ్లు ఎగబడి చేరతారు, చూస్తూ ఉండు,” అన్నాడాయన పొద్దున.

“ఆ ఆడవాళ్లను చూసేది నేను కదా. మరి నా లెక్క?”

“నీకు లెక్కేమిటి? నువ్వు ఇంటిమనిషివి.”

“బాగా అడిగావమ్మా,” అని అత్తగారు నవ్వింది. “వాడి జేబు నీ జేబు కాదూ!”

ఆ జేబులో చెయ్యి పెట్టినప్పుడల్లా ఎందుకని అడిగే గొంతు మాత్రం ఆవిడదే. డాక్టరమ్మను బాధించింది ఆ మాటలు కాదు. ఇంట్లోనే ఉన్న ఆస్పత్రి ఫోను మోగితే ఇన్నేళ్లుగా తాను చెబుతున్న జవాబు గుర్తుకొచ్చింది: “డాక్టరుగారి ఇంటినుంచి మాట్లాడుతున్నాను.” అలా చెప్పమని ఎవరూ చెప్పలేదు. ఆయన ‘తోడు’ అన్న పదం ఈమధ్యే కనిపెట్టాడు. తాను దానిలో ఎప్పుడో కాపురం పెట్టింది.

తలుపు దగ్గర కుట్టుపనామె నిలబడి ఉంది. రొమ్ములో గడ్డ ఉందని వస్తే పరీక్షకు పంపింది డాక్టరమ్మే. వాళ్లింట్లో సభ్యుడిగా చేరింది భర్త. ఈమె తోడు.

“రిపోర్టు వచ్చిందటమ్మా.”

“ఎవరు చెప్పారు?”

“మా అత్త. మా ఆయన ఫోనుకి వచ్చిందంట. నేను మిషను మీదున్నాను. ఆవిడొచ్చి, నా కొడుకు బతుకేం కానే అని ఒకటే ఏడుపు. నాకేమొచ్చిందో నాకు తెలియకముందే నేను వాళ్లని ఓదార్చానమ్మా!” నవ్వబోయింది.

డాక్టరమ్మ ఆమెను కూర్చోబెట్టి రిపోర్టు మాట మాటా చదివి చెప్పింది. క్యాన్సరే, కానీ మొదట్లోనే దొరికింది. కుట్టుపనామె చీర కొంగును మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది.

“నా పేరుతో చేర్చుకోండమ్మా. నా ఫోనుకే రానీండి. ఎంతో చెప్పండి, కడతాను.”

ఎంత? ఆ కాగితంలో దానికి జవాబు లేదు. భర్త గదిలోంచే పలికాడు: “రిపోర్టు సభ్యుడికే వెళుతుందోయ్, పద్ధతి అది. తర్వాత మార్చుకుందాంలే. ముందు కార్డులు అచ్చు కానీ.”

తర్వాత. ఆ మాట మీద డాక్టరమ్మ వయసు చాలా గడిచింది.

పెన్ను తీసుకుంది. ‘తోడు సభ్యురాలు’ కొట్టేసింది. భర్త రుసుమును సగం చేసి, ఆ సగాన్ని ఇద్దరికీ విడివిడిగా వేసింది. ఎవరి పేరు వారిది, ఎవరి ఫోను నంబరు వారిది. కట్టే మొత్తం మారలేదు, కట్టే మనుషులు ఇద్దరయ్యారు. అదే పెన్నుతో, ఆస్పత్రి పేరు కింద ఆయన పేరు పక్కన తన పేరు రాసి, ప్రెస్సుకు ఫోన్ చేసింది.

“డాక్టరుగారి ఇంటినుంచేనా అమ్మా?” అన్నాడు ప్రెస్సతను. “మార్పులంటే... సార్‌ని ఒక్కమాట అడిగి...”

గదిలో కుర్చీ జరిగిన చప్పుడయింది. ఆమె అటు చూడలేదు.

“డాక్టర్నే మాట్లాడుతున్నాను,” అంది. “రాసుకోండి.”