ఆచూకీ అక్క

ఆ కంప్యూటర్ పేరు మళ్ళీ టైపు చేసి, కళ్ళజోడు పైకి తోసుకుందామె. ఆస్పత్రి డైరెక్టరీలో పేరైతే ఉంది. ఏ విభాగమో, ఏ గదో లేదు. ఉద్యోగుల ఖాతాలూ కంప్యూటర్ల పేర్లూ కిక్కిరిసిన ఆ డైరెక్టరీలో ఎవరెక్కడ నక్కినా పట్టేస్తుందని అందరూ ఆమెను ఆచూకీ అక్క అంటారు.

అందులో పనికిరాని పేర్లన్నీ సాయంత్రంలోగా తీసేయాలని పైనుంచి ఉత్తర్వు.

“దొరకనిది కొట్టేయండమ్మా,” అన్నాడు ఆఫీసరు. “ఉద్యోగంలో ఆఖరి రోజు కూడా మీకెందుకీ తిప్పలు?”

“పొద్దున దాన్నెవరో వాడారు సార్. కళ్ళతో చూడకుండా తీయను.”

ఆయన నవ్వాడు. ఆమె పట్టుదల ఆయనకు తెలుసు, కారణం తెలీదు. వయసులో ఉన్నప్పుడు, కాన్పు సెలవు ముగించుకొచ్చిన రోజున, ఎవరో పొరపాటున ఆమె ఖాతా తీసేశారు. మీ పేరు లేదు పొమ్మంది కంప్యూటర్ తెర. పాలు చేపుకొచ్చి బట్టలు తడుస్తుంటే, ఫైలు గుండెకు ఆనించుకుని, సాయంత్రం దాకా వరండాలో లేని మనిషిలా కూర్చుంది. తర్వాత అడిగి మరీ ఈ కంప్యూటర్ విభాగానికి మారింది.

యంత్రం దొరక్కపోతే దాన్ని తెరిచిన మనిషిని వెతకాలి. వెతికింది. డయాలసిస్ వార్డు నర్సు ఖాతా బయటపడింది. ఫోనెత్తే నాథుడు లేడు. మోకాళ్ళను తిట్టుకుంటూ మెట్లు దిగింది.

వార్డులో నర్సు గుడ్డతెర పక్కకు లాగింది. మంచాల వెనక, గోడవార ఉందది.

“ఇదా అక్కా? పాతది పాడైతే స్టోరు నుంచి తెచ్చి తగిలించారు. ఎవరికే మందు ఎంతెక్కించాలో ఇందులోనే చూస్తాం.”

“నేను దీని పేరు తీసేసుంటే రేపు పొద్దున తెరుచుకునేది కాదు.”

“అమ్మో, నా ప్రాణం తీసేవాళ్ళే!”

“నీది కాదే తల్లీ,” అంటూ మంచాల వైపు చూసింది ఆచూకీ అక్క.

పైకొచ్చి, దాన్ని డయాలసిస్ విభాగంలోకి మార్చి, ఏ మూల ఉందో కూడా రాసిపెట్టింది. మిగతావీ అలాగే ఆరా తీసి, ఎవరికీ అక్కర్లేదని తేలినవే తీసేసింది.

పొద్దువాలింది. ఉద్యోగం నుంచి వెళ్ళిపోయేవాళ్ళ ఖాతా ఆ రోజే మూసేయాలి. మూసేది ఆమే. తన పేరు టైపు చేయగానే ఠక్కున వచ్చింది. ఇంత తేలిగ్గా ఎవరూ దొరకలేదనుకుని నవ్వుకుంది. వేలు ఒక్క క్షణం ఆగింది. తర్వాత నొక్కింది.

“వెళ్ళొస్తాను సార్.”

ఫోన్లో ఉన్న ఆఫీసరు తలూపాడు.

సర్వర్ల గదిలోని ఏసీ చలికి ఆమె రోజూ వేసుకునే బూడిదరంగు స్వెటర్ కుర్చీ వీపు మీదే ఉండిపోయింది. దాని చేతులు ఇంకా మోచేతుల దగ్గర వంగే ఉన్నాయి.